గెలిచే కట్ట



నంద్యాల నుంచి ఎర్రగుంట్ల పోయే రైలు దారిలో నొస్సం స్టేషన్ వస్తుంది. ఉయ్యాలవాడ వాళ్లకు నొస్సం కొత్త ఊరేం కాదు. తెల్లదొరల మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి తల్లి వైపు తాత జయరామిరెడ్డి అక్కడి పాలెగాడు. కోట గురించి, కోవెలకుంట్ల ఖజానా గురించి, 1847 ఫిబ్రవరిలో నరసింహారెడ్డికి వేసిన ఉరి గురించి మన దగ్గర చెప్పనివాళ్లు లేరు. అయితే నొస్సం గురించి ఎవరూ అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. గంజిఫా మీద పరిశోధన చేసినవాళ్లు దక్షిణాదిలో ఆ ముక్కలు తయారైన ఊళ్లను లెక్కపెట్టేటప్పుడు నిర్మల్, కడపల సరసన నొస్సం పేరు కూడా చెబుతారు.

గంజిఫా అంటే ఇంగ్లీషు పేక రాకముందు మన దేశంలో ఆడిన పేక. ముక్కలు గుండ్రంగా ఉంటాయి. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, ఆరబెట్టి, బిళ్లలుగా కోసి, చేత్తో బొమ్మ వేసి, పైన లక్క పూత పూసేవారు. 1527లో బాబరు సింధులో ఉన్న షా హసన్‌కు గంజిఫా పంపించినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొగలుల పేకలో 8 రంగులు, 96 ముక్కలు. అది మనవాళ్ల చేతికొచ్చాక దశావతారాలైంది. పది అవతారాలకు పది రంగులు. ఒక్కో రంగుకు రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. మొత్తం 120 ముక్కలు. ముగ్గురు ఆడితే మనిషికి 40.

ఆ నలభై ముక్కల్ని చేతిలో పట్టుకోవడమే ఒక విద్య. పగలు ఆడితే రాముడి రాజు ఎవరి దగ్గరుంటే వాళ్లు ఆట మొదలుపెట్టాలి. దీపాలు పెట్టాక ఆడితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్లు మొదలుపెట్టాలి. అంకెల ముక్కల్లో చూస్తే, సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగం రంగుల్లో ఒకటి పెద్దది. కొత్తగా కూర్చున్నవాణ్ణి బోల్తా కొట్టించడానికి ఈ ఒక్క నియమం చాలు. తురుపు లేదు. మీ చేతిలో ఉన్న ఆరు గెలుస్తుందా లేదా అన్నది, ఆ రంగులో దానిపై ముక్కలన్నీ ఇప్పటికే పడిపోయాయా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. పడిపోయిన ముక్కలు గుర్తున్నవాడిదే ఆట.

ఇవాళ నేను మాట్లాడబోయేది పోటీకి పనికొచ్చే కట్టను కూర్చుకోవడం గురించి, దాన్ని ఆడటం గురించి. పిల్లలు ట్రేడింగ్ కార్డులంటున్న ఆట అది. పోకెమాన్, మ్యాజిక్ లాంటి పేర్లు వినే ఉంటారు. దానికి నొస్సం గంజిఫాతో మొదలుపెట్టడం వింతగా అనిపించొచ్చు. నా లెక్క ఏమిటంటే, గంజిఫాలో ముక్కలు ఎంచుకునే వీలు లేదు, పంచినవి ఆడాలి. రమ్మీలో సగం వీలుంది, ఎత్తుతాం, పారేస్తాం. ట్రేడింగ్ కార్డుల్లో మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా మనమే ఎంచుకుంటాం. ఎంచుకునే వీలు పెరిగేకొద్దీ ఆట సులువవుతుందని అనుకుంటాం. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం.

ముందు రమ్మీ సంగతి చూద్దాం, ఎందుకంటే దాని మీద మన తెలుగుగడ్డ నుంచే దేశం మొత్తానికి ఒక తీర్పు వెళ్లింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య జరిగిన ఆ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదయతుల్లా. మరికొన్ని నెలలకే ఆయన దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదన్నారాయన. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, చేతిని కూర్చుకోవడానికి నేర్పు కావాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని తేల్చారు. ముక్కలు పంచడంలో అదృష్టం ఉందంటే అది బ్రిడ్జిలోనూ ఉందన్నారు. ఆటమీద క్లబ్బు యజమాని లాభం గుంజుకుంటే మాత్రం అది వేరే సంగతి అనీ హెచ్చరించారు.

అర్ధ శతాబ్దం దాటినా రమ్మీ మీద ఏ వ్యాజ్యం వచ్చినా వకీళ్లు ఈ తీర్పునే ముందు తీస్తారు. ఆ తర్వాత చట్టాలు వేరే దారి పట్టాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడటాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేస్తూ చట్టం చేసింది. కొంపలు కూలిన తర్వాత వచ్చిన చట్టాలవి, వాటితో నాకు పేచీ లేదు. నాకు కావలసింది ఆ తీర్పులోని ఒక్క ముక్క: ఉంచుకోవడం, పారేయడం.

రమ్మీ బాగా ఆడేవాళ్ల పక్కన కూర్చుని చూడండి. వాళ్లు ఎత్తిన ముక్క కంటే పారేసిన ముక్క మీద ఎక్కువసేపు ఆలోచిస్తారు. ఇస్పేటు తొమ్మిది కావాలంటే ముందు కళావరు తొమ్మిది విసిరి చూస్తారు. ఎదుటివాడికి తొమ్మిదుల మీద ఆశ లేకపోతే, ఈ ముక్క పడింది కదా అని నిశ్చింతగా ఇస్పేటు తొమ్మిది వదులుతాడు. ఇంకా గట్టివాళ్లు అసలు ఆడరు, డ్రాప్ కొడతారు. 101 పూల్ ఆటలో మొదట్లోనే డ్రాప్ కొడితే 20 పాయింట్లు పడతాయి, చేయి మిగిలిపోయి ఫుల్ కౌంట్ అయితే 80. అంటే ఒక్క ఫుల్ కౌంట్ తప్పించుకోవడానికి నాలుగు డ్రాపుల ఖర్చు పెట్టుకోవచ్చు. పదమూడు ముక్కల్నీ ఒకేసారి పారేసే ధైర్యం అది. కొత్తవాళ్లకు అది రాదు. రెండు జోకర్లు కనిపించగానే చేయి బాగుందనుకుంటారు, జోకరు లేకుండా ఒక వరస పడాలన్న లైఫ్ సంగతి మరిచిపోతారు.

ఇక ట్రేడింగ్ కార్డుల దగ్గరికి వద్దాం. ఈ ఆటల్ని మొదలుపెట్టింది గణితం చదివినవాడు. అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే ఆయన 1993లో మ్యాజిక్ అనే ఆట తెచ్చాడు. అదే ఏడు ఆయనకు గణితంలో డాక్టరేటు కూడా వచ్చింది. ఆయనకు తట్టిన కొత్త ఆలోచన ఒక్కటే: ఆడేవాళ్లిద్దరి దగ్గరా ఒకే పేక ఉండక్కర్లేదు. వందల రకాల ముక్కల్లోంచి ఎవరి కట్టను వాళ్లే కూర్చుకుని రావచ్చు. మూడేళ్లకు, 1996 అక్టోబరులో, జపానులో పోకెమాన్ ముక్కలు వచ్చాయి. రెండింటి లెక్కా ఒకటే, కట్టకు 60 ముక్కలు. పోకెమాన్‌లో 60కి ఒకటి ఎక్కువైనా తక్కువైనా కుదరదు, మ్యాజిక్‌లో 60కి తగ్గకూడదు. శక్తినిచ్చే మామూలు ముక్కలు తప్ప, ఒకే పేరున్న ముక్క నాలుగుకు మించరాదు. మ్యాజిక్‌లో మొదట ఈ నాలుగు హద్దు లేదు, తర్వాత పోటీల కోసం పెట్టారు. లేకపోతే అన్నిటికంటే బలమైన ముక్కనే ఇరవై పెట్టుకుని వచ్చేవాళ్లు.

ఆ హద్దులోనే లెక్క మొదలవుతుంది. ఆట మొదట్లో 7 ముక్కలు చేతికొస్తాయి. మీకు బాగా ఇష్టమైన ముక్క కట్టలో ఒక్కటే ఉంటే, అది మొదటి ఏడులో వచ్చే అవకాశం నూటికి 12 కూడా లేదు. అదే ముక్క నాలుగుంటే నూటికి 40. అందుకే గెలిచే కట్టల జాబితాలు చూస్తే నాలుగు, నాలుగు, నాలుగు, మూడు అని కనిపిస్తాయి. కొత్తవాళ్ల జాబితాలో ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి అని ఉంటుంది. ప్రతి ముక్కా బాగుందే అనుకుని అన్నిట్లోంచి ఒక్కొక్కటి తీసుకుంటారు. తీరా ఆటకు కూర్చుంటే ఏదీ సమయానికి రాదు. పోకెమాన్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆట మొదట్లోనే 6 ముక్కలు బహుమతులుగా బోర్లా పెట్టాలి. ఒక్కటే పెట్టుకున్న ముక్క ఆ ఆరులో పడిపోయే అవకాశం పదింట ఒకటి.

మన పల్లెల్లో ఈ ముక్కలు ఎక్కడున్నాయని మీరడగొచ్చు. తిరునాళ్లలో, ఫ్యాన్సీ అంగళ్లలో కనిపించే బంగారు రంగు ప్లాస్టిక్ ముక్కలు చాలా వరకు నకిలీవే. వాటితో పోటీలకు పోలేరు, పిల్లలు ఇంట్లో ఆడుకోవడానికైతే తప్పేం లేదు. అయితే 2024 అక్టోబరులో పోకెమాన్ కంపెనీ ఈ ఆటను పొట్టిగా చేసి ఫోన్‌లోకి తెచ్చింది. కట్టకు 20 ముక్కలే. ఒకే పేరున్నవి రెండుకు మించకూడదు. మొదట చేతికి 5 వస్తాయి. మూడు పాయింట్లు ముందు తెచ్చుకున్నవాళ్లు గెలిచినట్టు. ఇప్పుడు ఉయ్యాలవాడలో కూర్చుని జపాను కుర్రాడితో ఆడొచ్చు.

ఆ మధ్య మా బంధువులింట్లో ఒక పిల్లవాడు ఇదే ఆట కోసం కట్ట కూర్చుకుంటున్నాడు. వాళ్ల జేజినాయన పక్కన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన కాలంలో రమ్మీలో పేరున్నవాడు. పిల్లవాడి కట్టలో మూడు పెద్ద జంతువులున్నాయి: నిప్పుల చారిజార్డ్, నీళ్ల బ్లాస్టాయిస్, ఆకుల వీనసార్. వీటిలో ఏదీ నేరుగా ఆటలోకి రాదు. చిన్నది ముందు రావాలి, దాని మీద నడిమిది పెట్టాలి, దాని మీద పెద్దది పెట్టాలి. చార్మాండర్, చార్మీలియన్, చారిజార్డ్, ఇదీ వరస. ఒక్కోటి రెండేసి పెడితే వరసకు ఆరు ముక్కలు. మూడు వరసలకు 18. మిగిలిన రెంటిలో ముక్కలు తెచ్చిపెట్టే ప్రొఫెసర్ ముక్కలు పెట్టాడు. కట్ట నిండిపోయింది.

"ఎట్లుంది జేజినాయనా? మూడూ పెద్దవే!" అన్నాడు.

ఆయన వరసల సంగతి అడిగి తెలుసుకున్నాడు. "ఒరే, ఒక్క లైఫ్ కాకముందే మూడు సీక్వెన్సులకు ఎగబడినావు కదరా. ఏదీ కాదు. కౌంట్ ఇచ్చుకుని లేస్తావు" అన్నాడు.

పోకెమాన్ పేర్లు ఒక్కటీ పలకరాని మనిషి చెప్పిన ఆ మాటలో లెక్క అంతా ఉంది. శక్తి విషయం కూడా చూడండి. ఈ ఆటలో, ముందు ఆడేవాడి తొలి వంతు తప్ప, ప్రతి వంతుకూ ఒక శక్తి దొరుకుతుంది. కట్టలో నిప్పు ఒక్కటే ఉంటే ప్రతిసారీ నిప్పే వస్తుంది. నిప్పు, నీరు, ఆకు మూడూ పెట్టుకుంటే ఏది వస్తుందో చెప్పలేం. చారిజార్డ్ పెద్ద దెబ్బ కొట్టాలంటే నాలుగు శక్తులు కావాలి, వాటిలో రెండు నిప్పువి కావాలి. మూడు వంతులు పోయినా ఒక్క నిప్పూ రాకపోవచ్చు. ఈలోగా అవతల పికాచు కట్ట వాడు రెండే రెండు మెరుపు శక్తులతో, వెనక కూర్చోబెట్టుకున్న మెరుపు జాతి ముక్క ఒక్కోదానికీ ముప్పై చొప్పున బాదుతూ పోతుంటాడు.

పిల్లవాడు నీళ్లవీ ఆకులవీ తీసేశాడు. ఒకేసారి కాదు. ముందు వీనసార్ వరస పోయింది. బ్లాస్టాయిస్ తీయడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే అది మెరిసే బొమ్మున్న ముక్క, ఎంతో కాలానికి దొరికింది. ఖాళీ అయిన పన్నెండు చోట్లలో ఏం పెట్టాలన్నది అసలు పని. వాటిలో ఆరు ఇవి: నాణెం ఎగరేసి నిప్పు శక్తిని చేర్చే మోల్ట్రెస్ రెండు, చిన్న పోకెమాన్‌ను వెతికి తెచ్చే బంతులు రెండు, ఎదుటివాడు ముందు నిలబెట్టిన ముక్కను వెనక్కి పంపే సబ్రీనా రెండు. ఈ ముక్కల్లో చాలావాటికి మెరుపు లేదు, స్నేహితులకు చూపించి గొప్పలు చెప్పుకోవడానికి పనికిరావు. వరస నిలబడేది మాత్రం వీటి వల్లే. రెండున్న ఏ ముక్కైనా, ఇరవైలోంచి ఎనిమిది ముక్కలు చూసేసరికి కనీసం ఒకటి చేతికొచ్చే అవకాశం నూటికి 65. ఒక్కటే ఉంటే 40. తెచ్చిపెట్టే ముక్కలు ఉంటే ఆ ఎనిమిది ముక్కలూ తొందరగా చూస్తాం. లెక్క అంతే.

పాత పోకెమాన్ కాగితపు ఆటలో ప్రొఫెసర్ ఓక్ అనే ముక్క ఒకటుండేది. అది ఆడితే చేతిలో ఉన్నవన్నీ పారేసి, కొత్తగా ఏడు తీసుకోవాలి. పిల్లలు దాన్ని చూసి జడుసుకునేవాళ్లు, ఉన్నవి పోతాయే అని. పోటీల్లో గెలిచేవాళ్లు నాలుగుకు నాలుగూ పెట్టుకునేవాళ్లు. చేతిలో మిగిలిపోయిన మంచి ముక్క వల్ల ప్రయోజనం లేదు, ఆటలోకి వచ్చిన సాదా ముక్కే దెబ్బ కొడుతుంది. రమ్మీలో చేతిలో పెట్టుకు కూర్చున్న రాజు చివరికి పది పాయింట్లు తెచ్చిపెడుతుంది కదా, అలాగే.

కట్ట కుదిరాక ఆట. ఇక్కడ రెండు మాటలే చెబుతాను, మిగతావి ఆడితేనే వస్తాయి. మొదటిది, మీ పని ఏమిటో తెలుసుకోవడం. 1999లో మైక్ ఫ్లోరెస్ అనే మ్యాజిక్ ఆటగాడు ఒక వ్యాసంలో ఈ సంగతి బాగా చెప్పాడు. ఏ రెండు కట్టలు తలపడినా ఒకడు మీదికి పోవాలి, ఇంకొకడు కాచుకోవాలి. ఎవరి పని ఏదన్నది కట్టను బట్టి శాశ్వతంగా ఉండదు, ఎదురుగా ఉన్న కట్టను బట్టి మారుతుంది. పికాచు కట్ట మీద చారిజార్డ్ వాడు కాచుకోవాలి. అంతకంటే నెమ్మదైన కట్ట ఎదురైతే అదే చారిజార్డ్ వాడు మీదికి పోవాలి. ఈ పాత్ర తప్పుగా అనుకున్నవాడు మంచి ముక్కలు పెట్టుకుని కూడా ఓడతాడు. ఫోన్ ఆటలో దీనికి ఇంకో లెక్క తోడవుతుంది. పేరు చివర ఎక్స్ ఉన్న పెద్ద ముక్క దెబ్బతిని కూలితే ఎదుటివాడికి మామూలుగా రెండు పాయింట్లు, చిన్న ముక్క కూలితే ఒకటి. మొత్తం మూడే కావాలి కాబట్టి, రెండు ఎక్స్ ముక్కలు కూలాయంటే ఆట అయిపోయింది. అందుకని గట్టివాళ్లు పెద్దదాన్ని వెనక దాచి, శక్తులు పోగయ్యేదాకా ఒక చిన్నదాన్ని ముందుకు నెడతారు. పోతే పోనీ, ఒక్క పాయింటే.

రెండోది, ఎదుటివాడి కట్ట. నొస్సం గంజిఫా ఆడినవాళ్లకు 120 ముక్కలూ ముందే తెలుసు. ఇక్కడ ఎదుటివాడు ఏం తెచ్చాడో తెలియదు. కానీ ఏ నెలలో ఏ కట్టలు ఎక్కువ తిరుగుతున్నాయో ఆడేవాళ్లకు తెలుస్తుంది. అవతల మొదటి ముక్క పడగానే మిగతా పందొమ్మిదింటిలో పదిహేను చెప్పేసేవాళ్లున్నారు. సబ్రీనా ఒకటి పడింది, ఇంకొకటి ఉంది అని లెక్క పెట్టుకుంటూ ఉంటారు. మ్యాజిక్ పోటీల్లో దీన్ని నియమంగానే పెట్టారు. కట్టతో పాటు 15 ముక్కలు పక్కన ఉంచుకోవచ్చు. మూడు ఆటల పోరులో మొదటి ఆటలో ఎదుటివాడి కట్ట చూసి, రెండో ఆటకు ముందు కొన్ని తీసి కొన్ని పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా ఏది పెట్టాలన్నది తేలిగ్గా తోస్తుంది. ఏది తీయాలన్నదే తలనొప్పి.

తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. హిదయతుల్లా గారి తీర్పును ఈ ఆటకు పెట్టి చూస్తే నాకు రెండు ముఖాలు కనిపిస్తాయి. కట్ట కూర్చడం, ఆడటం నైపుణ్యమే, అందులో అనుమానం లేదు. ప్యాకెట్ కొని విప్పడం మాత్రం శుద్ధ అదృష్టం. లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు, నేర్పుతో మార్చలేడు. అది మూడు ముక్కలాటకు దగ్గరిది. ఫోన్‌లో రోజుకు రెండు ప్యాకెట్లు ఉచితంగా వస్తాయి, నెల రోజులు ఓపిక పడితే ఒక మంచి కట్టకు అవి చాలు. ఆగలేని పిల్లలు డబ్బు పెట్టి కొంటారు. ఫోన్‌లో డబ్బు కట్టే దారికి తాళం వేసి, ఆట మాత్రం ఆడనివ్వండి.

ఫోన్ అక్కర్లేకుండా ఇదంతా చూడాలనుకునేవాళ్లకు ఒక ఆట చెబుతాను. మనిషికి ఒక పేక కావాలి, జోకర్లు పక్కన పెట్టండి. ఆసు ఒకటి, జాకీ పదకొండు, రాణి పన్నెండు, రాజు పదమూడు. ఎవరి పేకలోంచి వాళ్లు 20 ముక్కలు ఏరుకోవాలి. వాటి మొత్తం 120 దాటకూడదు. కలిపి, ఐదు చేతికి తీసుకుని, ఇద్దరూ ఒక్కో ముక్క బోర్లా పెట్టి ఒకేసారి తిప్పాలి. పెద్దది పట్టు గెలుస్తుంది, ఆసు మాత్రం రాజును కొడుతుంది. ఒక్కోటి కొత్తగా ఎత్తుకుంటూ పదమూడు పట్లు ఆడండి. నాలుగు రాజులూ నాలుగు రాణులూ పెట్టుకుంటానని మొదట అందరూ అంటారు. ఆ ఎనిమిదితోనే వంద అయిపోతుంది. మిగిలిన ఇరవైతో పన్నెండు ముక్కలు రావాలి, ఎంత చిన్నవి ఏరినా 24 అవుతుంది. అంటే ఒక రాణి దిగాలి, లేకపోతే రాజు దిగాలి. ఏది దింపారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మరుసటి రోజు ఆ జాబితాతోనే ఇంకొకరి మీద ఆడండి.